పదహారు నామాలు, పదహారు జీబీలు

సత్సంగం మనిషిని పైకి తెస్తుందనడంలో ఎవరికీ అనుమానం లేదు. శంకరులవారు మెట్లు కూడా కట్టిపెట్టి వెళ్ళారు. సత్సంగం వల్ల నిస్సంగం, దానివల్ల నిర్మోహం, దానివల్ల నిశ్చలతత్వం, ఆపైన జీవన్ముక్తి. ఈ మెట్లన్నీ ఒక్క రాత్రిలో ఎక్కేసిన మహానుభావుడు ఇన్నాళ్ళకు మన భజన సమాజాల్లో అవతరించాడు. కోరికల్లేవు. కునుకు లేదు. టీ అడగడు. పులిహోరలో జీడిపప్పు తగ్గిందని అలగడు. ఏకాహంలో రాత్రి రెండు నుంచి నాలుగు దాకా గుక్క తిప్పుకోకుండా నామం చెబుతాడు. పొడుగు రెండంగుళాలు. తూకం తులం కూడా ఉండదు. పేరు పెన్‌డ్రైవ్.

ఏకాహమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మైకు పుణ్యమా అని మూడూళ్ళ అవతల పసిపిల్లలకి కూడా తెలుసు. అయినా పద్ధతి ఒకసారి నెమరేసుకుందాం, కమిటీవారు మరిచిపోయారు కనక. ఉదయం ఆరింటికి అఖండదీపం వెలిగిస్తే మర్నాడు ఉదయం ఆరింటి దాకా, 24 గంటలు, హరేరామ మంత్రం తెగకూడదు. నామాలు 16, అక్షరాలు 32. దీపం కొండెక్కకూడదు. ఇదే ఏడు రోజులు సాగితే సప్తాహం. రెండేసి గంటల చొప్పున పన్నెండు జట్లు కావాలి. జట్టుకి ఎనిమిది మందైనా ఉంటే ఊపిరాడుతుంది: నలుగురు ఎత్తుకుంటారు, నలుగురు అందుకుంటారు, అందుకునేలోపు ఎత్తుకున్నవాళ్ళ గొంతు సేదతీరుతుంది. నలుగురే వచ్చారో, అరగంటకల్లా నామం కాస్తా దగ్గవుతుంది.

కిటుకంతా జట్టు మారే చోట ఉంది. వచ్చేవాళ్ళు అయిదు నిమిషాలు ముందే వచ్చి పాతవాళ్ళ వెనక చేరాలి. వాళ్ళ వరుసలోనే, వాళ్ళ నడకలోనే రెండు మూడు సార్లు కలిసి పాడాలి. తాళాలు నేలకి ఆనకుండా చేతిలోంచి చేతిలోకి తీసుకోవాలి. పాతవాళ్ళ గొంతు మెల్లగా కొత్తవాళ్ళ గొంతులో కలిసిపోయాక, అప్పుడు వాళ్ళు పక్కకు తప్పుకోవాలి. తన సొంత వరుస, తనకిష్టమైన రాగం ఎత్తుకోవడం ఆ తర్వాతి మాట. దీన్నే నామం అందుకోవడం అంటారు. రాగానే మైకు లాక్కుని "హలో, హలో, చెక్" అనడాన్ని వేరే ఏదో అంటారు.

శ్రుతి సంగతి కూడా ఇంతే. మగవాళ్ళ జట్టు హార్మోనియం మీద ఒకటి, మహా అయితే ఒకటిన్నర దగ్గర ఉంటే తెల్లారేదాకా గొంతులు నిలుస్తాయి. రాత్రి ఎనిమిది గంటల జట్టుంది చూశారూ, అది జనాన్ని చూసి హుషారెక్కి మూడుకి లాగుతుంది. నడక కూడా పెంచుతుంది. పదింటికి వాళ్ళు చెమటలు తుడుచుకుంటూ దిగిపోతారు, ఆ శ్రుతినీ ఆ పరుగునీ పదింటి జట్టు నెత్తిన పెట్టి. అర్ధరాత్రికి మిరియాల కషాయం పెద్ద గిన్నెతో కాచినా లేచే గొంతు ఉండదు.

దీపానికి మైకు లేదు కాబట్టి దాని దగ్గర ఎవరూ ఉండరు. వత్తి కొడిగట్టాక నూనె నిండా ఉన్నా పీల్చదు, మంట కుంగిపోతుంది. కొడి దులపాలి. దులిపే ముందు పక్కన చిన్న ప్రమిదలోకి ఆ మంటనే అంటించి పెట్టుకోవాలి. దులపడంలో పెద్దది ఆరితే చిన్నదాని నుంచి మళ్ళీ ముట్టించడానికి. గంటగంటకీ ఇది చూసుకునే మనిషి ఊరికి ఒకరో ఇద్దరో ఉంటారు. సాధారణంగా ముసలమ్మ. ఫ్లెక్సీ మీద ఆవిడ బొమ్మ ఉండదు.

ఫ్లెక్సీ అంటే గుర్తొచ్చింది. పది అడుగుల ఫ్లెక్సీలో గౌరవాధ్యక్షులు, అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి, యువజన విభాగం, అందరూ నమస్కారం పెడుతూ ఉంటారు. ఎవరికి పెడుతున్నారో తెలియదు, రాముడు కుడివైపు పైమూల పోస్టల్ స్టాంపంత ఉంటాడు. నిర్మోహం మెట్టు మీద ప్రస్తుతానికి ఆయనొక్కడే ఉన్నట్టుంది.

జట్ల జాబితా రాసేనాడు సమాజంలో ఎవరి ఆధ్యాత్మిక ఉన్నతి ఎంతో తేలిపోతుంది. రాత్రి ఎనిమిది నుంచి పది: నలభై మంది, ఆపైన ఇద్దరు నాయకుల అనుచరులు. అప్పుడే జనం, అప్పుడే వీడియో, అప్పుడే శాలువాలు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు, రేకుల పందిరి కింద నిప్పులు కురిసే వేళ: "ఆడవాళ్ళు చూసుకుంటారు." రాత్రి రెండు నుంచి నాలుగు: ఖాళీ. పెన్సిలుతో "చూద్దాం" అని ఉంటుంది. 1,116 రూపాయలు రాయించినవారి గోత్రనామాలు ఎప్పుడు చదవాలన్నది మాత్రం పెన్నుతో రాసి ఉంటుంది. నామం తెగకూడదు కదా, మరి ఎలా చదువుతారంటారా? నామం మీదే చదువుతారు. రాముణ్ణి రెండు పాయింట్లు తగ్గించి, భారద్వాజస గోత్రాన్ని నాలుగు పాయింట్లు పెంచి.

ఇక రెండింటి వేళ. ఇది ఏ ఊరికైనా సరిపోయే దృశ్యం, పేర్లు మీరే పెట్టుకోండి. పన్నెండింటి జట్టులో మిగిలిన ముగ్గురు గోడకి జారగిలబడి నామం చెబుతున్నారు; ఒకరు "హరే" అంటే తక్కినవాళ్ళు కాసేపాగి "ఆఁ" అంటున్నారు. కార్యదర్శిగారు వచ్చి, జేబులోంచి ఆ మహానుభావుణ్ణి తీసి, కళ్ళకద్దుకుని, ఆంప్లిఫయర్‌లో గుచ్చారు. ముగ్గురికీ విముక్తి. అప్పణ్ణుంచి నామం ఏ లోపమూ లేకుండా సాగింది. స్టూడియోలో పాడించింది కాబట్టి శ్రుతి తప్పదు, వెనక వేణువు, ఆపైన సౌండ్ కుర్రాడు ఎకో మొత్తం తిప్పి వదిలాడు కాబట్టి ఒక్కో రాముడూ ఏడు రాములయ్యాడు. మండపంలో పదకొండు మంది నిద్రపోతున్నారు. నిశ్చలతత్వం వచ్చేసింది.

అరగంటకు ఫైలు అయిపోయింది. రెండు సెకన్ల నిశ్శబ్దం. నామం తెగినట్టా, కాదా? దీని మీద మర్నాడు కమిటీలో ధర్మచర్చ జరిగి, అది యంత్రం ఊపిరి తీసుకున్న విరామమే గాని తెగడం కాదని నిర్ణయమైంది. ఆ రెండు సెకన్ల తర్వాత ఫోల్డర్లో రెండో ఫైలు ఎత్తుకుంది. ఆ డ్రైవు అంతకుముందు పెళ్ళి ఊరేగింపుకి వెళ్ళొచ్చింది. తీన్మార్. పూర్తి ఎకోతో. గుడి మీది నాలుగు గొట్టాల్లోంచి, నాలుగు దిక్కులకీ. మండపంలో నిద్రపోతున్నవాళ్ళలో ఇద్దరు కళ్ళు తెరవకుండానే తాళాలు అందుకుని వాయించడం మొదలుపెట్టారు. దీపం చుట్టూ ప్రదక్షిణ చేస్తున్న పెద్దాయన ఒక్కరే మెలకువగా ఉన్నాడు, ఆయనకి చెవుడు. ఆపుదామంటే సౌండ్ కుర్రాడు జనరేటర్ పక్కన ఎక్కడో పడుకున్నాడు. భజన సమాజం వాట్సాప్ గ్రూపులో మాత్రం మూడుంపావుకి, ఇంట్లో పరుపు మీద దొర్లుతున్న ఉపాధ్యక్షులవారు "నామం దివ్యంగా సాగుతోంది" అని రాసి నమస్కారం బొమ్మలు ఆరు పెట్టారు. అటు తర్వాత ఇరవై ఇద్దరు పెట్టారు.

రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగంగా మైకు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ప్రభుత్వం పండగలకి సడలించినా ఏడాదికి 15 రోజులకు మించకూడదు, అదీ అర్ధరాత్రి దాకానే. ఇళ్ళున్న చోట రాత్రిపూట 45 డెసిబెల్స్. ఆ లెక్కన గొట్టం మైకుకి రాత్రంతా మౌనవ్రతమే. మంచిదే కదా, నామం చెప్పడానికి గొంతు చాలు, దీపం చుట్టూ ఉన్న ఎనిమిది మందికి వినపడితే చాలు అన్నారో, మీరు నాస్తికులు.

ఇక్కడిదాకా నవ్వుకుందాం. కానీ రెండు నుంచి నాలుగుకి మనుషులు దొరకలేదన్నారే, అది అబద్ధం. మనుషులున్నారు. గుడికి రెండు ఫర్లాంగుల దూరంలో, వాడలో ఉన్నారు. చెక్కభజన జట్టు. తాతల నాడు భజన గురువుని ఇంట్లో పెట్టుకుని, నెలల తరబడి రాత్రిపూట నేర్చుకున్న అడుగులు వాళ్ళవి. పగలు కూలికి పోయివచ్చి రాత్రికి గజ్జె కడతారు. ఒకే నామానికి ఇరవై వరుసలు చెప్పగలరు, నిద్ర ముంచుకొచ్చే వేళకి ఏ వరుస ఎత్తుకుంటే జట్టు మేలుకుంటుందో తెలిసినవాళ్ళు. చాలా ఊళ్ళలో ఏకాహం రోజున వాళ్ళకి వచ్చే పిలుపు ఊరేగింపు వరకే. వీధిలో, బండి ముందు, ఎండలో. మండపం మెట్టు దగ్గర ఆ పిలుపు ఆగిపోతుంది. బోర్డేమీ ఉండదు. ఎవరూ చెయ్యి అడ్డం పెట్టరు. "రాత్రిపూట మీకెందుకండీ శ్రమ, పెన్‌డ్రైవ్ ఉందిగా" అంటారు. ఆ మాటలో "అండీ" ఒక్కటే కొత్తది, తక్కినదంతా తాతల నాటిది.

పెన్‌డ్రైవ్‌ని గోత్రం అడిగారా? అది ఏ దేశంలో, ఎవరి చేతుల్లో తయారైందో అడిగారా? అంతకుముందు రాత్రి ఏ బరాత్‌లో తిరిగొచ్చిందో అడిగారా? దాన్ని మండపం నడిబొడ్డున, దీపం పక్కన, పీట మీద పెట్టారు. రాముడి పేరు రాముడి ఎదుట పలకడానికి ప్లాస్టిక్ ముక్కకున్న అర్హత ఆ వాడ జట్టుకి లేకపోయింది. అంటరానితనం పేరిట గుడిలోకి రానివ్వకపోవడం నేరమని 1955 నుంచి చట్టముంది. ఈ సిగ్గుమాలిన పనికి చట్టం గుర్తుచేయాల్సి రావడం ఇంకో సిగ్గు.

జట్టులో కూర్చుంటే మనిషి ఎదుగుతాడన్నది ఊసుపోని మాట కాదు. పక్కవాడితో కలిసి పాడాలంటే ముందు వాడి గొంతు వినాలి, వినాలంటే తన గొంతు తగ్గించుకోవాలి. జీవితంలో ఎక్కడా తగ్గనివాడు అక్కడ తగ్గుతాడు. ఇంట్లో ఒంటరిగా జపమాల పట్టుకున్నవాడికి రెండింటికి నిద్రొస్తే పడుకుంటాడు, అడిగేవాడు లేడు. జట్టులో ఉన్నవాడు, ఏడుగురు తన కోసం చూస్తుంటారని దుప్పటి తోసి లేస్తాడు. చలిలో చెప్పులు వెతుక్కుని, చీకట్లో కుక్కల్ని అదిలించుకుంటూ వచ్చి, ఎవరూ చూడని వేళ తాళం అందుకుంటాడు. ఏకాహంలో సాధన అంటూ ఏదైనా ఉంటే ఆ రెండు గంటల్లోనే ఉంది. దాన్నే కమిటీ యంత్రానికి కాంట్రాక్టు ఇచ్చి, ఎనిమిదింటి శాలువా తను ఉంచుకుంది.

తర్వాతి ఆదివారం సమీక్షా సమావేశం. లెక్కలు చదివారు: మైకుసెట్టు, షామియానా, ఫ్లెక్సీలు, పులిహోర, ఇతరములు. అన్నిటికన్నా పెద్దది ఇతరములు. కంచెర్ల గోపన్న జైల్లో ఉండి కూడా ప్రాకారానికి పదివేల వరహాలు పట్టిందని పాటలోనే లెక్క చెప్పాడు. ఆయనకి కోశాధికారి లేడు కాబట్టి అలా జరిగిపోయింది. తీన్మార్ ప్రస్తావన వచ్చినప్పుడు సభ్యులంతా నేల చూశారు. వాడ జట్టును పిలుద్దామని ఒక కుర్రాడన్నాడు. అతని మాట మినిట్స్‌లో రాలేదు. ఏకగ్రీవంగా ఒక తీర్మానం జరిగింది: వచ్చే ఏడాదికి రెండు పెన్‌డ్రైవ్‌లు కొనాలి. మొదటిది ఆగేలోపు రెండోది నామం అందుకుంటుంది.