పచ్చి సోయా పెట్టి, కోడిపిల్ల మంచిది కాదంటే ఎట్లా?

మా కోళ్ల రైతుల వాట్సాప్ గ్రూపులో నిన్న మళ్లీ అదే వీడియో. డీఓసీ, అంటే నూనె తీసిన సోయా పిండి, కొనడం దండగట. చేనులో పండిన సోయాను గిర్నీలో పట్టించి దాణాలో కలిపితే చాలట. కింద వరసగా దండాలు, చప్పట్లు. నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఆ పని మా ఇంట్లో అయింది.

2024 వానాకాలం పంట. సోయాకు మద్దతు ధర క్వింటాలుకు 4,892 రూపాయలు. మార్కెట్‌లో అంత పలకలేదు. మా చిన్నాయనకు కోపమొచ్చి రెండు క్వింటాళ్లు అమ్మకుండా ఉంచేశాడు. "వాడికి అగ్గువకు పోసేకంటే నా కోళ్లకే పెట్టుకుంటా" అన్నాడు. నాలుగు వందల బ్రాయిలర్ పిల్లలు. మొదటి రోజు నుంచే దాణాలో పావు వంతు పచ్చి సోయా పిండి.

పది రోజులకే షెడ్డులో కింద పరిచిన లిట్టర్ తడిసి ముద్దయింది. ఊక ఎంత తిరగేసినా ఆరదు, షెడ్డులోకి పోతే కళ్లు మంట. ఇరవై ఒకటో రోజు తూకం వేస్తే సగటున ఆరు వందల గ్రాములు లేదు. రావాల్సింది తొమ్మిది వందల దాకా. మేత మాత్రం తింటూనే ఉన్నాయి. చావులు పెద్దగా లేవు, అసలు చిక్కంతా అక్కడే. చస్తే రోగమని డాక్టర్ దగ్గరికి పోతాం, ఎదగకపోతే "పిల్ల క్వాలిటీ బాలేదు" అంటాం. చిన్నాయన కూడా పిల్లలు అమ్మిన హేచరీ అతనికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాడు.

చివరికి పశువుల డాక్టరు రెండు కోళ్లను కోసి చూశారు. చిన్నపేగు మొదటి మడత మధ్యలో లేత గులాబీ రంగు పట్టీలా ఉంటుంది క్లోమం. అది ఉండాల్సిన దానికంటే బాగా లావెక్కింది. "పచ్చి సోయా పెట్టారా?" అని ఆయన అడిగేసరికి చిన్నాయన నా ముఖం చూశాడు.

పచ్చి సోయాలో ట్రిప్సిన్‌ను అడ్డుకునే ప్రోటీన్లు ఉంటాయి. పేగులో మాంసకృత్తులను అరిగించే ఎంజైము ఆ ట్రిప్సినే. దాన్ని ఇవి పట్టి బిగించేస్తే, చాల్లేదనుకుని క్లోమం ఎంజైములను ఇంకా ఇంకా ఊరిస్తుంది. పని ఎక్కువై అదీ ఉబ్బుతుంది. ఆ ఎంజైములు కూడా మాంసకృత్తులే, గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు వాటిలో ఎక్కువ. అవన్నీ రెట్టలో పోతాయి. సోయాలో ముందే మెథియోనిన్ అనే అట్లాంటి ఆమ్లం తక్కువ, ఉన్నది కూడా ఇట్లా పోతే కోడి దేంతో కండ పెంచాలి? పేగు గోడకు అంటుకునే లెక్టిన్లనే ప్రోటీన్లు ఇంకో బాధ. గింజలో నూనె ఉందని మురుస్తాం గానీ, అదీ సరిగా ఒంటబట్టదు.

ఇదేం కొత్త విషయం కాదు. సోయాను వేడి చేసి పెడితేనే ఎలుకలు బాగా ఎదుగుతాయని 1917లోనే ఆస్బార్న్, మెండెల్ చూపించారు. 1945లో కునిట్జ్ ఆ అడ్డుకునే పదార్థాన్ని స్ఫటికాలుగా వేరు చేశాడు కూడా. వందేళ్లు దాటినా మన గ్రూపులో మాత్రం దండాలే.

"మా బర్రెలకు పెడితే ఏం కాలేదు" అని ఒకాయన వాదన. బర్రె పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు ఆ విషాన్ని చాలావరకు విరగ్గొడతాయి. కోడికి ఆ పొట్ట ఎక్కడిది? బర్రెలకైనా సరే, యూరియా కలిసిన దాణాలో పచ్చి సోయా పొయ్యకండి. గింజలోని యూరియేజ్ అనే ఎంజైము ఆ యూరియాను అమ్మోనియాగా మార్చేస్తుంది.

వేయించి పెడతామంటారా, పెట్టండి. కానీ పెనం మీద పైపొట్టు మాడి లోపల పచ్చిగానే ఉంటుంది. మరీ మాడిస్తే లైసిన్ అనే అమైనో ఆమ్లం పాడవుతుంది. ఫ్యాక్టరీలో ఆవిరితో, ఎక్స్‌ట్రూడర్‌తో (వేడి, ఒత్తిడితో ఉడికించే యంత్రం) చేసేది ఈ రెండూ కాకుండా చూసుకోవడానికే. వేడికి యూరియేజ్ కూడా పోతుంది కాబట్టి, మీ పిండి సరిగా వేగిందో లేదో తెలియాలంటే ల్యాబ్‌లో యూరియేజ్ పరీక్ష చేయించండి, పీహెచ్ పెరుగుదల 0.05 నుంచి 0.20 లోపు ఉండాలి. అయితే అది పచ్చిదనాన్నే పట్టిస్తుంది, మాడిందాన్ని కాదు. దానికి కేఓహెచ్ పరీక్ష వేరే ఉంది. అందులో పిండిలోని మాంసకృత్తులు 70 నుంచి 85 శాతం ఆ కేఓహెచ్ ద్రావణంలో కరగాలి.

చిన్నాయనకు డీఓసీ ఖర్చు ఐదారు వేలు మిగిలింది. కోడికి మూడు వందల గ్రాముల చొప్పున 120 కిలోల బరువు పోయింది. ఈసారి గింజలు మార్కెట్‌కే పోయాయి. హేచరీ అతనికి మాత్రం ఇంతవరకు సారీ చెప్పలేదు.