చి.ల.సౌ. పూల కుర్తీకి

చి.ల.సౌ. పూల కుర్తీకి,

హాల్లో సోఫా మీంచి బెడ్‌రూమ్ బీరువా మూడో అరకి రాయునది. ఉభయకుశలోపరి. అలవాటుకొద్దీ అలా రాశాను గానీ, నీ చంక కింద కుట్టు ఏమంత కుశలంగా లేదు.

మన పరిచయం రాత్రి పదకొండూ నలభైకి. నేనేం కొనాలని రాలేదు, నిద్రపట్టక ఫోన్ చూస్తున్నానంతే. 2,499 కొట్టేసి పక్కన 349 అని ఉంది. 86 శాతం తగ్గింపు! అసలు నిన్ను ఆ 2,499 పెట్టి ఎవరైనా ఎప్పుడైనా కొన్నారా అన్న ప్రశ్న నాకు రాలేదు. రానిస్తేగా? పక్కనే గడియారం తిరుగుతోంది, ఇంకా 9 నిమిషాల 58 సెకన్లు. దాని కింద ఎర్రటి అక్షరాలతో '2 మాత్రమే మిగిలాయి'. పెళ్లిచూపులప్పుడు కూడా నన్నెవరూ ఇంత తొందరపెట్టలేదు.

డెలివరీకి 49 అట. 499 దాటితే ఉచితమట. 49 రూపాయలు ఊరికే పారేసుకోవడానికి నేనేమన్నా వెర్రిదాన్నా? 199 పెట్టి ఒక లెగ్గింగ్ కలిపాను. మొత్తం 548. నలభై తొమ్మిది మిగిల్చానన్న తృప్తితో హాయిగా నిద్రపోయాను.

పొద్దున లేచి చూస్తే గడియారం మళ్లీ 9 నిమిషాల 58 సెకన్ల దగ్గరే ఉంది. వారం తర్వాత కూడా నువ్వు రెండే మిగిలి ఉన్నావు. ద్రౌపది అక్షయపాత్ర కూడా రోజుకోసారి ఖాళీ అయ్యేది తల్లీ! ఇలా లేని తొందర పుట్టించి అమ్మకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులోనే మార్గదర్శకాలు ఇచ్చిందట. అందులో 13 రకాల మాయలు రాస్తే, మొట్టమొదటిది ఇదే. ఆ సంగతి నాకు నువ్వు ఇంటికొచ్చాక తెలిసింది.

నీ గురించి రాసిన నాలుగు మాటలూ నాకు కంఠతా వచ్చేశాయి. 'కలంకారీ స్టైల్, ప్యూర్ కాటన్ ఫీల్.' నేను కలంకారీ చదివాను, కాటన్ చదివాను. స్టైలూ ఫీలూ నా కళ్లకి ఆనలేదు. కింద ఒకావిడ అయిదు చుక్కలిచ్చి, 'చాలా బాగుంది, ఇంకా వేసుకోలేదు' అని రాసింది. ఇంకొకావిడ నిన్ను ప్లాస్టిక్ కుర్చీకి తగిలించి ఫొటో పెట్టింది. కుర్చీకి బాగానే కుదిరావు.

కవరు చింపేసరికి మా అమ్మ పక్కనే ఉంది. ఆవిడ పుట్టిల్లు బందరు, పెడన అద్దకాల మధ్య పెరిగిన మనిషి. నీ పూలు చూడలేదు, నెమలి చూడలేదు. అంచు తిరగేసి లోపలివైపు చూసింది. తెల్లగా ఉంది. "రంగు అవతలికి దిగలేదేమే?" అంది. మెడ దగ్గర బొత్తాం విప్పబోయింది, అది రాలేదు. ఎలా వస్తుంది, అదీ ప్రింటే! పక్క కుట్టు దగ్గర సగం తామరపువ్వుకి సగం నెమలి తోక అతుక్కుని ఉంది. వీపు మీద అసలు పూలే లేవు. చివరికి అంచులోంచి ఒక దారప్పోగు లాగి, స్టవ్ వెలిగించి మంటకి చూపించింది. నూలైతే కాగితంలా కాలి బూడిదవ్వాలి. ఇది ముడుచుకుని, కరిగి, ఆవగింజంత నల్ల ఉండ అయింది.

"కాటన్ ఫీల్ అన్నారమ్మా" అన్నాను.

"ఫీలవ్వాల్సింది నువ్వే" అంది.

నీ పేరులో ఉన్న కలంకారీ సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. గుడ్డని కరక్కాయ కలిపిన గేదెపాలల్లో నానబెడతారు. తుప్పుపట్టిన ఇనుమునీ బెల్లాన్నీ రోజుల తరబడి పులియబెట్టి నల్లరంగు తీస్తారు. ఎరుపు పట్టడానికి పటిక. మధ్యమధ్య కాలవ నీళ్లలో జాడింపు, ఎండలో ఆరబెట్టడం. (పెడనలో ఇప్పుడు స్క్రీన్ ప్రింట్లూ బోలెడు వస్తున్నాయిలే, అది అమ్మే ఒప్పుకుంది.) ఇలా రంగులు పోకుండా అద్దిన మన పూలబట్టలకి భయపడి ఫ్రాన్సు 1686లో నిషేధం పెట్టింది. 1719లో లండన్ పట్టునేతగాళ్లు తమ పొట్ట కొడుతున్నాయని, వీధుల్లో ఆడవాళ్ల ఒంటిమీది పూలబట్టలు చింపేశారు. రెండేళ్లకి అక్కడా వాటిని కట్టుకోకూడదని చట్టం వచ్చింది. నిన్ను చింపడానికి ఎవరూ రానక్కర్లేదు, చెయ్యెత్తితే నువ్వే చిరుగుతావు.

అయినా పంతంకొద్దీ మే నెలలో ఒకరోజు నిన్ను వేసుకుని విజయవాడ బస్టాండులో గంటసేపు నిలబడ్డాను. ఆవిరి కుడుముకి ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

తిప్పి పంపుదామంటే ఏడు రోజుల గడువు దాటిపోయింది. దానికి మాత్రం గడియారం పెట్టలేదు వాళ్లు. మసిగుడ్డ చేద్దామని అమ్మ నిన్ను వంటింట్లోకి తీసుకెళ్లింది. ఒలికిన నీళ్ల మీద అద్దితే చుక్క పీల్చలేదు సరికదా, నీళ్లని గట్టు చివరిదాకా నెట్టుకుపోయావు. అలా చేరావు ఈ మూడో అరలోకి.

అక్కడా ఎక్కువ రోజులు ఉండవులే. నిన్న సాయంత్రం అమ్మ నిన్ను తీసి గ్రైండర్ మీద కప్పి చూసింది. ఎక్కడా బిగుతు లేదు, పూలన్నీ ముందువైపుకే వచ్చాయి, వీపు గోడవైపు. అచ్చం ఫొటోలో ఉన్నట్టే ఉన్నావు.

ఇట్లు,
నీ 548 రూపాయల యజమానురాలు

తా.క.: లెగ్గింగ్ బాగుంది.