ఏ దేశమో తెలుసు, ఏ చదువో తెలియదు

తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి, ఇంటర్మీడియట్ చదువుతున్న పిల్లలను ముందు ముందు ఏం చేస్తారని అడిగితే, బీటెక్ అయ్యాక అమెరికా వెళ్లి ఎంఎస్ చేస్తామని చెప్పేవారు ఎందరో కనిపిస్తారు. ఎందులో ఎంఎస్ అని మళ్లీ అడిగితే మాత్రం చాలామంది తడబడతారు. వెళ్లాలన్న కోరికలో తప్పేమీ లేదు. చదవవలసిన విషయం కంటే ముందే దేశం ఖరారైపోవడమే నన్ను కలవరపెడుతోంది.

ఆ కోరిక ఊరికే పుట్టింది కాదు. 2023-24లో అమెరికాలోని భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602కు చేరి, 2009 తరువాత తొలిసారి చైనాను దాటింది. మేనమామ కొడుకో, పక్కింటి అక్కో అక్కడ స్థిరపడి ఊళ్లో ఇల్లు కట్టించడం చూసిన పిల్లలకు ఆ దారి మీద నమ్మకం కుదరడం సహజమే. అయితే ఆ సంఖ్యలో బ్యాచిలర్ డిగ్రీ చదివేవారు సుమారు 36 వేలే కాగా, పీజీ, పరిశోధన స్థాయి వారు 1.96 లక్షల మంది. అంటే మన పిల్లల్లో ఎక్కువమంది డిగ్రీ ఇక్కడే ముగించుకుని వెళ్తున్నారు. ఇప్పుడు ఇంటర్‌లో చేరినవారికి ఆ ప్రయాణం ఇంకా ఆరేళ్ల దూరంలో ఉంది.

ఆరేళ్లంటే ఎంత దూరమో ఈమధ్య మారిన నిబంధనలే చెబుతాయి. కెనడా 2024 జనవరిలో స్టడీ పర్మిట్లకు పరిమితి పెట్టి, జీవన వ్యయం కోసం చూపవలసిన సొమ్మును 10,000 కెనడా డాలర్ల నుంచి 20,635 డాలర్లకు పెంచింది. అదే నెలలో బ్రిటన్, మాస్టర్స్ విద్యార్థుల్లో అత్యధికులు కుటుంబాన్ని వెంట తెచ్చుకునే వీలును తొలగించింది. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులపై లక్ష అమెరికన్ డాలర్ల రుసుము ప్రకటించింది. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సు చదివితే, చదువయ్యాక అక్కడే పనిచేసేందుకు ఇచ్చే ఓపీటీ అనుమతి కింద మూడేళ్లు పని చేసుకోవచ్చన్న ఒక్క ఆశతో ఇష్టంలేని కంప్యూటర్ సైన్స్‌లో చేరిన విద్యార్థికి, ఆ వెసులుబాటు పోతే చేతిలో మిగిలేది అదే ఇష్టంలేని చదువు.

చదువును వీసాకు సాధనంగా మాత్రమే చూసే ధోరణి ఎక్కడికి తీసుకెళ్తుందో మనం 2019లోనే చూశాం. వీసా మోసాలను పట్టుకోవడానికి అమెరికా అధికారులు వలగా నెలకొల్పిన ఫార్మింగ్టన్ నకిలీ విశ్వవిద్యాలయంలో చేరి మొదట పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు. వారిలో తెలుగువారు చాలామందే ఉన్నారు. తరగతులే జరగని చోటు అది.

ఇంట్లో ఈ చర్చ ఎక్కువగా పొలం తాకట్టు దగ్గరో, బ్యాంకు రుణం దగ్గరో మొదలవుతుంది, పిల్లలను మాత్రం అందులో కూర్చోబెట్టరు. 40 లక్షల రుణాన్ని 11 శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 55 వేల రూపాయలు కట్టాలి; చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీ దీనికి అదనం. వాయిదా ఎంతో తెలిసిన విద్యార్థి కోర్సును వేరే కళ్లతో చూస్తాడు. ఆ లెక్క, వీసా నిబంధనలు, ఒక విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉందో లేదో తెలుసుకునే పద్ధతి తొమ్మిది, పది తరగతుల్లోనే బడిలో చెప్పాలి.

ముఖ్యంగా ప్రభుత్వ బడుల్లో, గురుకులాల్లో చెప్పాలి. తెలంగాణ ప్రభుత్వం అంబేద్కర్ విదేశీ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 20 లక్షల రూపాయల దాకా సాయం చేస్తోంది. దానికి డిగ్రీలో తగిన మార్కులు, ఇంగ్లీషు పరీక్షలో స్కోరు కావాలి కాబట్టి, డిగ్రీ పూర్తయ్యాక ఈ పథకం గురించి విన్న విద్యార్థికి మార్కులు దిద్దుకునే అవకాశం ఉండదు.