‘కొసీనా సెర్రాదా’ బోర్డు గారికి

మహారాజశ్రీ స్పెయిన్ దేశపు ‘కొసీనా సెర్రాదా’ బోర్డు గారికి,

హారో ఊళ్ళో ఒక హోటల్ గదిలోంచి నమస్కరించి రాయునది. ఉత్తరం ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని మా తాతయ్య నేర్పారు గానీ, నిన్న మధ్యాహ్నం నుంచి కుశలం మీ ఒక్కరిదే కాబట్టి ఆ ముక్క కొట్టేశాను.

వంటగది మూసేశాం అనే రెండు మాటల్ని సుద్దముక్కతో అంత అందంగా, కింద చిన్న పువ్వు కూడా వేసి రాసినందుకు ముందుగా అభినందనలు. మేం వచ్చింది నాలుగూ పదికి. అర్ధరాత్రి కాదండీ, మిట్టమధ్యాహ్నం. మూడింటికి వదిలేస్తానన్న గైడు స్టేషన్ పేటలోని వైన్ సెల్లార్లో, ఫ్రాన్స్ ద్రాక్షతోటల్ని ఫిలోక్సెరా పురుగు తినేసిన రోజుల్లో బోర్డో వర్తకులు వైన్ వెతుక్కుంటూ ఇక్కడికి ఎలా దిగారో, రైలుకట్ట పక్కనే సెల్లార్లు ఎలా లేచాయో పీపా పీపాకీ ఆగి చెప్పాడు. మంచి కథే, కడుపు నిండి ఉంటే ఇంకా మంచి కథ. మావారికి డ్రైవింగ్ ఉంది కాబట్టి (ఇక్కడ రక్తంలో ఆల్కహాల్ హద్దు దాటితే ఫైన్) అంత ఖరీదైన వైన్నీ నోట్లో తిప్పి ఉమ్మేశారు. ఆ ఉమ్మడం చూసి మా అమ్మ పడిన బాధ వేరే ఉత్తరంలో రాస్తాను.

సరే, మీ గుమ్మంలోకి వచ్చాం. లోపల మూడు టేబుళ్ళ మీద జనం తింటున్నారు. తలుపు పక్క టేబుల్ మీద చులెతీయాస్, అదే, ఎండిన ద్రాక్షపుల్లల మంట మీద కాల్చిన గొర్రెపిల్ల పక్కటెముకలు, వేలెడంతవి, అంచు కొవ్వు నల్లగా మాడి, పైన గళ్ళుప్పు ఇంకా కరగకుండా మెరుస్తోంది. ఒకాయన ఎముక చివర పట్టుకుని లాగుతున్నాడు. ఆ పొగవాసన మా దాకా వస్తోంది. సర్వరు వచ్చి నవ్వుతూ మిమ్మల్ని చూపించాడు. చిప్స్, ఆలివ్‌లు ఉన్నాయన్నాడు. ఒక ఆమ్లెట్ అయినా వెయ్యండి బాబూ అని మావాడు ఫోన్లో అనువాదం చేసి చూపిస్తే, పాపం ఆ ఫోన్ కేసి కూడా నవ్వాడు. అతని వెనక వంటగది తలుపు ఊగుతోంది. ఊగినప్పుడల్లా కనిపిస్తోంది: వంటాయన ఏప్రన్ తీసి భుజాన వేసుకుని, మిగతా పనివాళ్ళతో కూర్చుని పోచాస్ గింజల కూర బ్రెడ్‌తో అద్దుకుని తింటున్నాడు. గిన్నె పొయ్యి మీదే ఉంది. ఆవిరి వస్తోంది. అయినా మీరు మూసి ఉన్నారు!

మా దగ్గర కూడా మూడున్నరకి ‘మీల్స్ అయిపోయాయండీ’ అంటారు, ఒప్పుకుంటాను. కానీ ఆ మాట అంటూనే పెనం మీద దోసె పోస్తారు. మీల్స్ అయిపోతే టిఫిన్ మొదలవుతుంది. మీకు నాలుగింటి తర్వాత మొదలయ్యేది మనిషి ఓపిక పరీక్ష మాత్రమే.

మీ ఊరి చరిత్ర కూడా ఆ గైడే చెప్పాడు. స్పెయిన్‌లో అందరికంటే ముందు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగిన ఊళ్ళలో హారో ఒకటి, 1890లోనే. 1890లో ఊరంతా దీపాలు వెలిగించారు, ఇప్పుడు నాలుగూ పదికి ఒక్క పొయ్యి వెలిగించలేరు. ఇంకా గడియారం సంగతి. 1940 మార్చిలో ఇక్కడి నియంత ఫ్రాంకో గడియారాల్ని గంట ముందుకు జరిపి జర్మనీ టైములో పెట్టాడు, యుద్ధం అయిపోయినా ఎవరూ వెనక్కి తిప్పలేదు. దానికి తోడు వేసవికని ఇంకో గంట. ఈ రోజుల్లో హారోలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారం రెండుంపావు చూపిస్తుంది. అంటే నిన్న మేం వచ్చినప్పుడు ఎండ లెక్కన ఇంకా రెండు కూడా కాలేదు. అమ్మ నీడ చూసుకుని ‘ఇది భోజనాల వేళేనే’ అంది. అరవై దాటిన మనిషి నీడ చూసి సరిగ్గా చెప్పింది, మీరు మాత్రం ఫ్రాంకో గారి గడియారం చూసి మూతేశారు.

అసలు మెన్యూ దెల్ దియా అని మీరు గొప్పగా చెప్పుకునే భోజనం ఉంది కదా, మొదటి ప్లేటు, రెండో ప్లేటు, డెజర్ట్, బ్రెడ్, వైన్ అన్నీ ఒకే రేటుకి. అది మొదలైందే 1960లలో టూరిస్టుల కోసం, ప్రభుత్వమే పెట్టమంటే. ఆ టూరిస్టులం మేమే. వచ్చాం. ఎక్కడ?

మిగతా వాటి మీద నాకు పెద్ద కోపం లేదు. అడక్కుండా బ్రెడ్ తెచ్చి బిల్లులో వేసుకోండి. ఆదివారం రాత్రి సెలవు, సోమవారం సెలవు, తీసుకోండి. శనివారం అమ్మ నీచు ముట్టదు, ఆమె కోసం మాంసం, చేప వద్దని నాలుగుసార్లు చెప్పి సలాడ్ అడిగితే పైన గుప్పెడు టూనా చల్లి తెచ్చారు, అది కూడా క్షమించాం (అమ్మ క్షమించలేదు). కానీ మీ బోర్డు మీద ఎనిమిదిన్నరకి తెరుస్తాం అని ఉంది చూశారా, అక్కడే మీరూ నేనూ చెడ్డాం.

ఎందుకంటే మేం ఎనిమిదిన్నర దాకా బతికాం. ఊరి నడిబొడ్డున పాస్ చౌక్‌లో బెంచీ మీద కూర్చున్నాం, షాపులు కూడా మూసే ఉన్నాయి, ఊరు నిద్రపోతోంది, మావాడు చిప్స్ పొట్లం అడుగున ఉప్పు నాకాడు. ఎనిమిదిన్నరకి తలుపు తీశారు. పరిగెత్తాం. కూర్చోబెట్టారు, నీళ్ళిచ్చారు, వైన్ ఇచ్చారు. ఆర్డర్ చెప్పబోతే అదే కుర్రాడు, అదే నవ్వు: వంటగది తొమ్మిదికి. తలుపుకి ఒక టైము, పొయ్యికి ఒక టైమా? ఇదేం అన్యాయం? మొదటి ప్లేటు టేబుల్ మీద పడేసరికి తొమ్మిదీ ఇరవై. బయట ఇంకా ఎండ!

మర్యాద ఇక్కడితో అయిపోయింది. నిన్ను చూసి భయపడి మనుషులు కార్లో అరటిపళ్ళు దాచుకుంటున్నారు, తెలుసా? దొనోస్తియా (సాన్ సెబాస్టియన్) పాత ఊళ్ళో కౌంటర్ మీద ఎప్పుడు చూసినా పించోలు, అదే, బార్లో పెట్టే చిరుతిళ్ళు, ఉంటాయని సంబరపడ్డాం. ఆలివ్, ఆంచోవీ చేప, ఊరబెట్టిన పచ్చిమిరపకాయ పుల్లకి గుచ్చిన హిల్దా నోట్లో పెట్టుకుని అమ్మ మొదటిసారి ఈ దేశాన్ని మెచ్చుకుంది. అక్కడ కూడా నువ్వున్నావు. చల్లవి తీసుకోండి, వేడివి సాయంత్రమే అని మూల గోడకి వేలాడుతున్నావు.

ఒకటి మాత్రం దాచను. బిల్బావోలో కాడ్ చేప పిల్-పిల్ చేస్తుంటే చూశాను. నూనె, వెల్లుల్లి, ఎండుమిరపకాయ, ఉప్పుచేప, అంతే. చేప తోలులోని జిగురు నూనెలో కలిసి సాస్ చిక్కబడే దాకా వంటాయన గిన్నెని రెండు చేతులతో అటూ ఇటూ ఆడిస్తూనే ఉన్నాడు. పలకరించినా తల ఎత్తలేదు. ఆ చేతులకి నాలుగింటికి విశ్రాంతి ఇస్తే నేనెందుకు కాదంటాను? పడుకోమను. నిన్న ఆ కూర తిన్నాయనను కూడా పడుకోమను. కానీ అంత పెద్ద వంటగదిలో గుడ్డు పగలగొట్టడం వచ్చినవాడు ఇంకొకడు లేడా?

ఆ చులెతీయాస్ రాత్రి తిన్నాం. పన్నెండు ముక్కల ప్లేటు, మళ్ళీ ఇంకోటి చెప్పాం. ఎముకలు కూడా వదల్లేదు. అంత బాగుండకపోతే ఈ ఉత్తరం ఇంకా పొడుగయ్యేది.

రేపు గెటారియా. సముద్రం పక్కన బొగ్గుల మీద టర్బట్ చేపని ముక్కలు కొట్టకుండా అలాగే కాల్చి పెడతారట, ఎత్తు నుంచి చకోలీ వైన్ పోస్తారట. టేబుల్ ఒంటిగంటకే చెప్పేశాం. నెమ్మదిగా తింటాను, మూడూ యాభైకి డెజర్ట్ అడుగుతాను, నాలుగు దాటాక కాఫీ. నువ్వు తలుపుకి వేలాడుతుండు, నేను లోపలే ఉంటాను.

ఇట్లు,
ఆకలి తీరినా కోపం తీరని
హైదరాబాదు కుటుంబం