రెక్క సందులో ఈల

ఇంజిన్ ఉన్న విమానంలో రెక్క ఈల వేసినా ఎవరికీ వినపడదు. గ్లైడర్‌లో ఆ సుఖం లేదు. ఎక్కడ ఏ చిన్న సందున్నా అది ఈలగా మారి, దిగేదాకా పైలట్ ప్రాణం తోడేస్తుంది. మా గ్లైడర్‌లో సగం వాటా ఒక పెద్దాయనది, మిగతా సగం నాది. ఏ ముక్క ఎవరిదో ఎప్పుడూ పంచుకోలేదు గానీ, ఆ రోజు దిగీదిగగానే ఆయన, "ఏమోయ్, నీ వైపు రెక్క ఈలేస్తోంది" అన్నారు.

నా వైపంటే ఎడమ వైపట! వెళ్ళి చూస్తే ఐలరాన్ దగ్గర మైలార్ పట్టీ జానెడు మేర లేచి ఉంది.

ఐలరాన్ అంటే గ్లైడర్‌ని పక్కకి ఒరిగించడానికి రెక్క కొస వైపు, వెనక అంచున పైకీ కిందికీ ఆడే పలక. అది ఆడాలంటే రెక్కకీ దానికీ మధ్య సందు ఉండక తప్పదు. రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. దొడ్డిదారి కనిపిస్తే కింది గాలి ఊరుకుంటుందా? ఆ సందులోంచి పైకి దూరి, అక్కడ సాఫీగా పోతున్న గాలిని కూడా చెడగొడుతుంది. డ్రాగ్, అంటే గాలి వెనక్కి లాగే బలం, పెరుగుతుంది, ఐలరాన్‌కి పట్టు తగ్గుతుంది. అందుకే సందు మీద ఆ పల్చటి ప్లాస్టిక్ పట్టీ. మంచి గ్లైడర్ 1 కిలోమీటరు ఎత్తు నుంచి 40 కిలోమీటర్లు జారగలదు. మా పెద్దాయన ఎప్పుడు పొలంలో దిగినా, ఆ 40లో తగ్గిన కిలోమీటర్లన్నీ సందులోంచే పోయినట్టు లెక్క చెబుతారు. చక్కగా పైకి లేపుతున్న థర్మల్‌ని, అంటే పైకి లేచే వేడిగాలిని, వదిలేసి, దూరంగా కనిపించిన మబ్బు వెంట పడటం మాత్రం ఏ లెక్కలోకీ రాదు.

అయితే పట్టీ లేస్తే నిజంగానే ఊరుకోకూడదు. దాని అంచు మడిచిపోయి సందులో ఇరుక్కుందంటే ఐలరాన్ బిగుసుకుపోవచ్చు. కాబట్టి ఆ సాయంత్రమే పని మొదలుపెట్టాం.

పాత పట్టీ పీకడం తేలిక. దాని కింద మిగిలిన బంకతోనే అసలు తంటా. పెద్దాయన ఇంటి నుంచి గులాబీ రంగు హెయిర్ డ్రయ్యర్ ఒకటి తెచ్చారు. ఎవరిదని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. వేడి తగిలితే బంక మెత్తబడుతుంది. మెత్తబడి ఊడుతుందనుకుంటే పొరపాటు, ముందు సాగుతుంది. ఇనప బ్లేడు పెడితే రెక్క మీది నున్నటి పైపూత, జెల్‌కోట్, గీరుకుపోతుంది. బంకని కరిగించే అసిటోన్ సీసా తెరుద్దామంటే పక్కనే క్యానపీ, అంటే పైలట్ మీద ఉండే పారదర్శకమైన మూత, ఉంది. ఒక్క చుక్క పడితే చాలు, ప్లెక్సీగ్లాస్ నిండా సన్నటి పగుళ్ళు. కొత్త క్యానపీ ఖరీదు తలుచుకుని ఇద్దరం సీసా మూత ఇంకో చుట్టు బిగించాం. చివరికి దేవుడిచ్చిన బొటనవేళ్ళే దిక్కయ్యాయి. వేలితో రుద్దుతూ పోతే బంక నల్లటి ఉండలు కట్టి రాలుతుంది. ఆ ఉండలు చొక్కాకి, జుట్టుకి, హెయిర్ డ్రయ్యర్‌కి అంటుకున్నాయి.

బంకతోపాటు ఐలరాన్ మీది పాత టెఫ్లాన్ టేపూ వచ్చేసింది. మైలార్ జారడానికి కింద ఉండే నున్నటి టేపు అది. దేనికీ అంటుకోకపోవడమే టెఫ్లాన్ గొప్పతనం. అలాంటిదాన్ని అంటించమని టేపు చేసి అమ్మే మనిషి గుండె ధైర్యానికి దండం పెట్టాలి.

"ముందు టెఫ్లాన్ వేసేద్దామా గురువుగారూ?" అన్నాను.

"అది రేపు చూద్దాంలేవోయ్. ముందు పైపట్టీ కానీ, వెలుతురు పోతోంది" అన్నారాయన.

రెక్క వెనక అంచున పట్టీ కూర్చోవడానికి లోతు తక్కువ గాడి ఒకటి ఉంటుంది. డబుల్ సైడ్ టేపు ఆ గాడిలోనే, పట్టీ ముందు భాగానికి మాత్రమే ఉండాలి. వెనక భాగం ఐలరాన్ మీద స్వేచ్ఛగా జారాలి. కాబట్టి టేపు సన్నగా ఉండాలి. పెద్దాయన సంచిలోంచి తీసింది మాత్రం దానికి రెండింతల వెడల్పుంది.

"వెడల్పెక్కువేమో గురువుగారూ."

"సన్నది వేస్తే ఏమైందో చూశావుగా? లేచింది!"

ఈ వాదానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

పట్టీ పొడవు 3 మీటర్ల పైనే. అడ్డంగా కొంచెం వంపు ఉంటుంది. దాన్ని బోర్లా పెట్టాలి. అప్పుడే ఐలరాన్ కిందికి వాలినా వెనక అంచు దాన్ని వదలకుండా ఒత్తుకుని ఉంటుంది. ఒక కొస ఆయన, ఇంకో కొస నేను పట్టుకున్నాం. టేపు మీది కాగితం ఒలుస్తుంటే స్టాటిక్ పుట్టి, ఒలిచిన కాగితం కుబుసంలా నా మోచేతిని చుట్టుకుంది. విదిలిస్తే రెండో మోచేతికి మారింది. అప్పటిదాకా కంటికి కనపడని హ్యాంగర్ దుమ్మంతా బంక కనపడగానే బయల్దేరింది. "వంచకు!", "లాగకు!", "ఊపిరి పీల్చకు!" అని ఆయన అటునుంచి అరుస్తున్నారు. చివరికి పట్టీ కూర్చుంది. తాడు పట్టినట్టు తిన్నగా, ఒక్క బుడగ లేకుండా. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వాల్చి, కాసేపు అలా చూస్తూ నిలబడ్డారు. అంత అందంగా వస్తుందని నేనూ అనుకోలేదు.

మర్నాడు పొద్దున్నే, టెఫ్లాన్ మాట మేం ఎత్తకముందే, గ్లైడర్‌ని తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్‌గారు వచ్చారు. వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు. పట్టీ పొడవునా గోటితో మెల్లగా రాసి చూసి, "చాలా నీట్‌గా చేశారండీ" అన్నారు. పెద్దాయన మొహం వెలిగిపోయింది. కంట్రోల్ చెక్‌కి నేను కాక్‌పిట్‌లో, ఐలరాన్‌లని ఆడించే కర్ర (స్టిక్) పట్టుకుని కూర్చున్నాను. ఇన్‌స్పెక్టర్‌గారు ఐలరాన్ మీద చెయ్యి వేసి, "స్టిక్ ఎడమకి" అన్నారు.

స్టిక్ కదల్లేదు.

"ఎడమకండీ."

"ఎడమకేనండీ."

"పోనీ కుడికి?"

కుడికీ లేదు. ఆయన వంగి, పట్టీ కిందికి టార్చ్ వేసి చాలాసేపు చూశారు. వెడల్పు టేపు గాడి దాటి, సందు దాటి, ఐలరాన్‌ని కూడా గట్టిగా కరుచుకుని ఉంది. కింద టెఫ్లాన్ ఉండుంటే దానికి పట్టు దొరికేది కాదు. రెండు రెక్కల ఐలరాన్‌లకీ లోపల లింకు కాబట్టి, ఏ తప్పూ చేయని కుడి రెక్క కూడా కొయ్యబారిపోయింది.

"గాలి ఎక్కడా పోవట్లేదండీ" అన్నారు ఇన్‌స్పెక్టర్‌గారు చివరికి, నిదానంగా. "గ్లైడర్ కూడా ఎక్కడికీ పోదు."

పెద్దాయన మాత్రం తగ్గలేదు. "చూశావా, పట్టు ఎలా ఉందో!" అన్నారు నాకేసి తిరిగి.

ఆ పట్టు వదిలించడానికి పూటంతా పట్టింది. మళ్ళీ గులాబీ రంగు డ్రయ్యర్, మళ్ళీ బొటనవేళ్ళు. సన్నటి నైలాన్ దారాన్ని పట్టీ కిందకి దూర్చి రంపంలా అటూ ఇటూ లాగాం. పట్టీ వచ్చింది గానీ వంపు పోయి నలిగింది, మళ్ళీ పనికిరాదు. ఈసారి టెఫ్లాన్ ముందు వేశాం, సన్న టేపు తెప్పించాం, కొత్త పట్టీ పెట్టాం. ఇన్‌స్పెక్టర్‌గారు ఐలరాన్‌ని పైకీ కిందికీ ఆడించి చూసి, సంతకం పెట్టేముందు ఎందుకైనా మంచిదని ఇంకోసారి ఆడించారు.

వెడల్పు టేపు ఇంకా ముప్పాతిక రోల్ మిగిలింది. పారేద్దామంటే పెద్దాయన ఒప్పుకోలేదు, తోక మీది రడ్డర్ పలకకి పనికొస్తుందట. ప్రస్తుతం అది నా కారు డిక్కీలో స్టెప్నీ టైరు కింద ఉంది. ఆయన రోజూ ఫోన్ చేసి అడుగుతున్నారు, నేను రోజూ వెతుకుతున్నానండీ అంటున్నాను.