మా గేటు ముందు మా రోడ్డు

పోయిన మంగళవారం మా ఇంటి మీద చలానా పడింది. పడింది కారు మీదేననుకోండి. కానీ ఆ కారు ఉన్నది మా గేటు ముందు, హైదరాబాద్‌లో పదిహేనేళ్లుగా మేం ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గేస్తున్న జాగాలో. రాంగ్ పార్కింగట! యూజర్ ఛార్జీలు 35 రూపాయలు కలుపుకుని మొత్తం ఓ బిర్యానీ ఖరీదు. డబ్బుదేముంది, పరువు సంగతి. కట్టడమా, అభ్యంతరం చెప్పడమా అని ఇంట్లో అత్యవసర సమావేశం పెట్టాను.

"కట్టి పారెయ్యండి" అంది మా ఆవిడ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తలైనా ఎత్తకుండా. పౌరహక్కులు ఈ దేశంలో ఇలా తగలడ్డాయంటే తగలడవూ మరి!

అప్పీలుకు వెళ్లేవాడు ముందు చట్టం చదవాలి. చదివాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 122వ సెక్షన్. బహిరంగ స్థలంలో ఇతరులకు ప్రమాదం, అడ్డంకి, అనవసర ఇబ్బంది కలిగేలా బండి వదలకూడదంటుంది. సొంతింటి ముందైతే ఫర్వాలేదన్న ముక్క ఎక్కడైనా దాక్కుందేమోనని మూడుసార్లు వెతికాను. దాన్ని రాసినవాళ్లంతా అద్దె ఇళ్లలో ఉండేవాళ్లేమో.

ఇక సాక్ష్యం. చలానాతో వచ్చిన ఫొటోను ఫోన్లో పెద్దది చేసి చూశాను. కారు బాగానే పడింది. దాని వెనకాల, రోడ్డు మీదికి నాలుగడుగులు దిగిన మా ర్యాంపూ పడింది. ర్యాంపు పక్కన, పరాయి బండ్లు రాకుండా మేం వరసగా పేర్చిన బంతి మొక్కల డబ్బాలు, ఓ సిమెంటు దిమ్మ. వాటిపైన 'ఇచ్చట బండి పెట్టినచో గాలి తీయబడును' అని బోర్డు. చేతిరాత నాదే. సరిగ్గా ఆ బోర్డు కిందే మన కారు, నాలుగు టైర్లలోనూ నిండుగా గాలితో.

"మరి లోపల పెట్టుకోవచ్చు కదా?" అని ఆఫీసరు అడిగితే? ఇంటి ప్లాన్‌లో పార్కింగ్ ఉంది. కాగితం మీద ఇప్పటికీ భద్రంగా ఉంది. నేల మీద మాత్రం ఆరేళ్లుగా అక్కడ కర్రీ పాయింట్ నడుస్తోంది, ఐదో తారీఖుకల్లా అద్దె అందుతోంది. ఫొటోలో ఎడమ మూలన దాని పలకా పడింది: 'నేటి స్పెషల్ గోంగూర'. అభ్యంతరం పంపితే ఈ ఫొటోని ఇంకో నలుగురు పెద్దది చేసి చూస్తారు. అంత ప్రచారం మాకెందుకు?

అప్పుడు నోరు విప్పాడు మా బావమరిది. "కట్టకు, కొట్లాడకు. ఆగు బావా" అన్నాడు. తెలంగాణలో 2022 మార్చిలో పెండింగ్ చలానాలకు రాయితీ ఇచ్చారు. కార్లకు సగం, టూవీలర్లకు 75 శాతం. 2023 డిసెంబరు ఆఖర్లో మళ్లీ ఇచ్చారు. ఈసారి కార్లకు 60, టూవీలర్లకు 80. గడువు కూడా పొడిగించారు. చలానా రాగానే కట్టేసిన బుద్ధిమంతులు ఆషాఢం సేల్‌కు ముందురోజు చీర కొన్నవాళ్లలా మిగిలిపోయారు.

యాభై అరవై అయింది కాబట్టి వచ్చేసారి డెబ్బై అవుతుందని మావాడి లెక్క. కాకపోతే ఒక్క చలానా మీద రాయితీ వస్తే మిగిలేదెంత, అదే పది ఉంటే చూడు, అంటాడు.

ప్రస్తుతానికి కారు అక్కడే ఉంది. బంతి మొక్కల డబ్బాలు మాత్రం ఈసారి ఫొటోలో పడకుండా కాస్త పక్కకు జరిపాను.