రాత సంగతి తర్వాత, ముందు సెట్టింగులు

బ్లాగు పెట్టడానికీ, అందులో రాయడానికీ ఏదో సంబంధం ఉందని ఇప్పటికీ కొందరు అమాయకంగా నమ్ముతున్నారు. ఈ అపోహ వల్లే ఎంతోమంది యువతీయువకులు పేరు కుదరకముందే, ఫాంటు తేలకముందే ఆవేశపడి రాసేసి, రెండు నెలలకే చెప్పాల్సిందంతా అయిపోయి దిక్కులు చూస్తున్నారు. పద్ధతిగా మొదలుపెడితే రాయాల్సిన అవసరమే రాదు.

ముందు పేరు. తెలుగు బ్లాగు పేరు రెండు ముక్కలుండాలన్నది దాదాపు చట్టం. మొదటి ముక్క మీ లోపలిది: మది, ఊహ, అంతరంగం, అక్షరం. రెండోది ప్రకృతి నుంచి రావాలి: జల్లు, వెన్నెల, పరిమళం, కెరటం. దేనికి ఏది అతికించినా పేరు సిద్ధం, అర్థమేమిటని ఎవరూ అడగరు. ఇది నచ్చనివారికి వినయమార్గం ఉంది. ‘ఏవో నా పిచ్చి రాతలు’ అని మీరే పైన రాసేసుకుంటే చదివినవాడికి అనడానికి ఏమీ మిగలదు. ఎవరైనా నిజమేనండీ అని ఒప్పుకుంటే, ఆ వ్యాఖ్యను తీసేసే మీట ఉండనే ఉంది.

తర్వాత కలం పేరు. భాగవతుల శంకరశాస్త్రి గారు ఆరుద్ర అయ్యారు, కిళాంబి నరసింహాచార్యులు గారు ఆత్రేయ అయ్యారు. పేరు మార్చుకుంటే ఎంత ఫలితం ఉంటుందో ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. వాళ్లు రాశారు కూడా కదా అని కొందరు వాదిస్తారు గానీ, అది మన చర్చకు అనవసరం.

పేరు తెలుగులో పెట్టుకోనిచ్చే బ్లాగర్ (గూగుల్ వారి బ్లాగుల సేవ), అడ్రసు మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లోనే ఇమ్మంటుంది. చుక్కకీ చుక్కకీ మధ్య 63 అక్షరాల దాకా పడతాయి కాబట్టి ఇంటిపేరుతో పాటు గోత్రం కూడా ఇరికించవచ్చు. చిక్కల్లా ‘మది’ని ఇంగ్లిషులో రాస్తే ‘మడి’ అని కూడా చదువుకోవచ్చు. భావకవిత్వం ఆశించి రావాల్సినవాళ్లు ఇదేదో ఆచారాల బ్లాగనుకుని ఆగిపోతారు. పైగా మీరు మనసు పడ్డ అడ్రసును 2008లోనే ఎవరో పట్టేసి ఉంటారు. వెళ్లి చూస్తే ఒకే ఒక్క టపా, అంటే పోస్టు: ‘అందరికీ నమస్కారం, ఇకనుంచి తరచుగా రాస్తుంటాను.’ ఆయన్ని తిట్టుకోవద్దు. మన సంప్రదాయానికి మూలపురుషుడు ఆయనే.

టైమ్ జోన్ దగ్గర వేళాకోళం పనికిరాదు. ముట్టుకోకుండా వదిలేసిన బ్లాగులకు బ్లాగర్ చాలాకాలం కాలిఫోర్నియా టైమే వేసేది. విజయవాడలో ఉగాది నాడు పొద్దున్నే ఆరింటికి శుభాకాంక్షలు పెట్టారనుకోండి, అక్కడ ముందురోజు సాయంత్రం ఐదున్నర. అంటే మీ టపా మీద పడేది కొత్త అమావాస్య తేదీ. ఏడాది పొడుగునా ఏం జరిగినా ఇంట్లోవాళ్లు దీన్నే ఎత్తి చూపుతారు. దిద్దుబాటు సులువే, జాబితాలో కోల్‌కతాను ఎంచుకోవాలి. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం పోయేది కాకినాడకు దగ్గరగా, పేరేమో కోల్‌కతాకు. కాజాకు దక్కిన గుర్తింపు కాలానికి దక్కలేదు. ఈ అన్యాయం మీద ఒక టపా రాస్తే బాగుండునే అనిపిస్తుంది. నిగ్రహించుకోండి.

ఫాంట్ల దగ్గర తొందరపడకూడదు. గూగుల్ ఫాంట్లలో తెలుగు జాబితా తెరిస్తే భువనవిజయమే. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ వరసగా కొలువుదీరి ఉంటారు. వాళ్లను పోషించడానికి శ్రీకృష్ణదేవరాయ ఫాంటూ ఉంది. ఇంతమంది దిగ్గజాలను పక్కన పెట్టుకుని కూడా రాయాల్సింది మళ్లీ మనమే అనడం ఏం న్యాయమో! రామభద్ర బాగా లావు, శీర్షికకు దిట్టంగా ఉంటుంది, వ్యాసమంతా అదే పెడితే రచయిత అరుస్తున్నట్టుంటుంది. గిడుగు ఫాంటు పెట్టుకుని అందులో గ్రాంథికం రాసేవారికి నేను చెప్పగలిగిందేమీ లేదు. ప్రతి ఫాంటులోనూ ‘స్వాతంత్ర్యం’, ‘ధార్ష్ట్యం’ కొట్టి, వత్తులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయేమో ల్యాప్‌టాప్‌లో ఒకసారి, ఫోన్‌లో ఒకసారి చూసుకోవాలి. నెల సుఖంగా గడిచిపోతుంది.

ఇక వ్యాఖ్యలు. అజ్ఞాతలను రానివ్వాలా వద్దా అన్నది తెలుగు బ్లాగుల్లో రాజ్యాంగ సమస్య. రానిస్తే తిట్లు, రానివ్వకపోతే ‘వ్యాఖ్యలు 0’. టపాయే లేని బ్లాగుకు మోడరేషన్ ఎందుకు, విత్తనం వెయ్యని చేనుకు కంచెలాగా, అని మా బావమరిది ఎకసెక్కెం చేశాడు. అతనికి బ్లాగు లేదు. నా సలహా అజ్ఞాతలను రానివ్వమనే. ఖర్మ కాలి ఎప్పుడైనా ఒక టపా పడితే, దాని కింద ‘చాలా బాగా రాశారండీ, కళ్లు చెమర్చాయి’ అని రాయడానికి ఎవరో ఒకరు ఉండాలి, ఆ ఒకరు తన పేరుతో రాసుకోలేరు. అందుకే వర్డ్ వెరిఫికేషన్ కూడా తీసేయండి. అర్ధరాత్రి మీ బ్లాగులోకి మీరే దొంగచాటుగా వెళ్తూ రోబోను కానని నిరూపించుకోవడం మర్యాదగా ఉండదు.

ఇన్ని చేశాక కూడా కొందరికి రాయాలన్న దుర్బుద్ధి పుడుతుంది. అలాంటప్పుడు మూసను మార్చండి, బ్యానరులో గోదావరి ఫొటో తీసి కృష్ణ ఫొటో పెట్టండి. అప్పటికీ లొంగకపోతే బ్లాగర్‌ను వదిలేసి వర్డ్‌ప్రెస్‌కు మారిపోండి. అక్కడ థీములు వేలల్లో ఉన్నాయి.